కమాన్ కట్టను బిగించి పట్టే యూ-బోల్టు ప్లేటు

కమాన్ కట్టల మీద, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీల స్ప్రింగుల మీద నడిచే జీపు కిందికి వంగి చూస్తే, చక్రానికి కాస్త లోపలగా రెండు యూ-బోల్టుల (యూ ఆకారంలో వంచిన బోల్టుల) నాలుగు కొనలూ, వాటిని ఒకచోట కలిపి పట్టిన ఒక ఇనుప ప్లేటూ కనిపిస్తాయి. చాలా బండ్లలో డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ గేర్లుండే ఉబ్బెత్తు పెట్టె) తరువాత నేలకు అతి దగ్గరగా ఉండే భాగం ఇదే. తారు రోడ్డు మీద తిరిగినంత కాలం దీని ఉనికిని ఎవరూ పట్టించుకోరు. బండి బండరాళ్ళలోకో, లోతైన చక్రాల గాడిలోకో దిగినప్పుడు మాత్రం మొదట రాయికి తగిలేది ఈ బోల్టు కొనలే. థ్రెడ్లు నలిగిపోతాయి, నట్ల మూలలు అరిగి గుండ్రమవుతాయి, ఆ తరువాత వాటిని విప్పడానికి గ్రైండర్ తప్ప మరో దారి ఉండదు. అందుకే ఆఫ్ రోడ్ బండ్లకు మందమైన ప్లేట్లూ, అంచులు ఏటవాలుగా కోసిన ప్లేట్లూ, బోల్టులను తలకిందులుగా తిప్పి పెట్టే కిట్లూ విడిగా అమ్ముతారు. అమ్మేవారు ఎక్కువగా చెప్పేది గ్రౌండ్ క్లియరెన్స్ గురించి, అంటే నేలకూ బండి కింది భాగానికీ మధ్య ఎడం గురించి. కొనేవారు అడగవలసినది మాత్రం బిగువు గురించి, ఎందుకంటే ఈ ప్లేటుకు రాళ్ళ నుంచి కాపాడే పని రెండోది. కమాన్ కట్టను యాక్సిల్‌కు, అంటే చక్రాల ఇరుసుకు, అదిమి పట్టడం మొదటిది. మొదటి పని చెడితే రెండోదానికి అర్థం ఉండదు.

ఈ చర్చ ఏ బండ్లకు వర్తిస్తుందో ముందే తేల్చుకోవాలి. మన దేశంలో 1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలే; పైగా కట్ట యాక్సిల్‌కు కింద ఉంటుంది. పాత మహీంద్రా జీపులూ, అమెరికాలో వాటికి మూలమైన సీజే శ్రేణి జీపులూ ఇదే కుటుంబానికి చెందినవి. 2010లో వచ్చిన మొదటి థార్‌కు వెనక మాత్రమే కట్టలున్నాయి. టొయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ వంటి పికప్ బండ్లకు కూడా వెనక కట్టలే ఉంటాయి. 2020 నాటి కొత్త థార్‌కూ, ఇప్పటి జిమ్నీకీ నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు కనుక వాటికి ఈ ప్లేటే లేదు.

కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచేది ఏమిటని అడిగితే చాలామంది సెంటర్ బోల్టు అని చెబుతారు. చూడటానికి అలాగే ఉంటుంది కూడా: పట్టీలన్నింటి మధ్యగా వెళ్ళిన ఆ బోల్టు తల స్ప్రింగ్ సీటులోని (యాక్సిల్ మీద కట్ట ఆనే చోటులోని) రంధ్రంలో కూర్చుంటుంది. నిజానికి దాని పని యాక్సిల్ ఎక్కడ ఉండాలో గుర్తు చూపడం, పట్టీలు చెదరకుండా ఒక వరసలో ఉంచడం మాత్రమే. యాక్సిల్‌ను ముందుకీ వెనక్కీ జారకుండా ఆపేది రాపిడి. ఆ రాపిడిని పుట్టించేది యూ-బోల్టుల బిగువు. కట్టెల మోపులో కట్టెలు జారకుండా ఉండటానికి తాడు వాటికి అడ్డం నిలబడనక్కరలేదు, గట్టిగా బిగిసి ఉంటే చాలు, ఇక్కడా అంతే. బిగువు తగ్గిన క్షణం నుంచి ప్రతి బ్రేకుకూ, ప్రతి గుంతకూ యాక్సిల్ పిసరంత కదులుతుంది, ఆ దెబ్బంతా సన్నని సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది ఒక్క దెబ్బకు తెగకపోవచ్చు, వేల దెబ్బలకు తప్పక తెగుతుంది.

బిగువుకు మరో ప్రయోజనం ఉంది, దాన్ని ఎవరూ అంతగా చెప్పుకోరు. రెండు యూ-బోల్టుల మధ్యనున్న భాగంలో కట్ట వంగకూడదు. సెంటర్ బోల్టు కోసం ప్రతి పట్టీకీ సరిగ్గా నడుమ రంధ్రం చేస్తారు కనుక పట్టీ అక్కడే బలహీనంగా ఉంటుంది. ప్లేటూ బోల్టులూ ఆ భాగాన్ని కదలకుండా అదిమి ఉంచుతాయి కాబట్టే ఆ బలహీనత బయటపడదు. బోల్టులు వదులైతే ఆ నడుమ భాగం కూడా వంగడం మొదలవుతుంది, పగులు రంధ్రం నుంచి అంచుల వైపు పాకుతుంది. కనుక ఒక పట్టీ సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగితే ముందుగా అనుమానించవలసినది బరువునో పట్టీ నాణ్యతనో కాదు, యూ-బోల్టుల బిగువును. కొత్త పట్టీ వేయించి పాత యూ-బోల్టులనే మళ్ళీ బిగిస్తే, కొన్నాళ్ళకు అదే చోట మళ్ళీ విరగడంలో ఆశ్చర్యం లేదు.

ఈ బిగువు ఎంత ఉంటుందో లెక్క వేసి చూస్తే ప్లేటు మీద పడే భారం తెలుస్తుంది. 12 మి.మీ. యూ-బోల్టును ఉదాహరణగా తీసుకుని, దాని నట్టును 100 న్యూటన్ మీటర్ల టార్కుతో, అంటే తిప్పే బలంతో, బిగించామనుకుందాం. పొడి థ్రెడ్లకు ఇంజనీర్లు వాడే 0.2 గుణకంతో లెక్కిస్తే ఒక్కో కాలులో సుమారు 42 కిలోన్యూటన్ల లాగుడు, అంటే దాదాపు 4.2 టన్నుల బిగువు వస్తుంది. రెండు యూ-బోల్టులకు నాలుగు కాళ్ళు కనుక ఒక కట్ట మీద మొత్తం 17 టన్నుల వరకు ఒత్తిడి ఉంటుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య రాపిడి గుణకాన్ని తక్కువగా 0.15 అనుకున్నా, యాక్సిల్ జారాలంటే రెండున్నర టన్నుల బలం కావాలి. జిప్సీ వంటి తేలికైన బండిలో ఒక చక్రం మీద పడే బరువు 400 కిలోల ప్రాంతంలో ఉంటుంది. బ్రేకు వల్ల వచ్చే బలం సాధారణంగా ఆ బరువును మించదు. అంటే మామూలు రోడ్డుకు ఈ బిగువు అవసరానికి మించినదే. అయితే చక్రం వేగంగా వెళ్ళి రాతి అంచుకు గుద్దుకున్నప్పుడు ఆ బలం కొన్ని రెట్లవుతుంది, అప్పుడు అక్కరకు వచ్చేది ఈ మిగులే.

ఈ లెక్కలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. అనుకున్న టార్కు రాగానే టక్కుమనే టార్క్ రెంచి కొలిచేది నట్టును తిప్పడానికి పట్టే బలాన్ని మాత్రమే. బోల్టులో వచ్చిన లాగుడును అది చూడలేదు. అదే 12 మి.మీ. బోల్టుకు నూనె పూసి అదే 100 న్యూటన్ మీటర్లు బిగిస్తే గుణకం 0.15కు పడిపోతుంది, కాలుకు 55 కిలోన్యూటన్లకు పైగా లాగుడు వస్తుంది. 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే తరగతి), 1.25 మి.మీ. పిచ్ (థ్రెడ్ల మధ్య దూరం) ఉన్న 12 మి.మీ. బోల్టు శాశ్వతంగా సాగకుండా భరించగలిగే హద్దు సుమారు 53 కిలోన్యూటన్లు. పొడి థ్రెడ్ల మీద ఆ హద్దులో నాలుగింట మూడు వంతులకు కొంచెం ఎక్కువ దగ్గర సురక్షితంగా నిలిచిన బిగువు, రెండు చుక్కల నూనెతో హద్దు దాటిపోతుందన్నమాట. అందువల్ల తయారీదారు చెప్పిన టార్కు పొడి థ్రెడ్లకా, నూనె రాసిన థ్రెడ్లకా అన్నది టార్కు అంకెతో సమానమైన సమాచారం. పైన చెప్పిన 100 కేవలం లెక్క కోసం తీసుకున్న అంకె; బిగించవలసినది ఆ బండికీ, ఆ బోల్టు మందానికీ, గ్రేడుకూ తయారీదారు ఇచ్చిన అంకెకే.

ఇక ప్లేటు సంగతి. నాలుగు మూలల్లో నాలుగేసి టన్నుల లాగుడు, నడుమ కట్ట ఎదురొత్తు. ఈ రెండింటి మధ్య పలుచని ప్లేటు విల్లులా వంగుతుంది. వంగిన ప్లేటు మీద నట్టు సమతలంగా కూర్చోదు, బోల్టు కాలు పక్కకు వంగుతుంది, లాగుడుకు తోడు వంపు భారం కూడా దాని మీద పడుతుంది. ప్లేటు వంగే గుణం మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి 6 మి.మీ. నుంచి 10 మి.మీ.కు వెళితే గట్టితనం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. కంపెనీ ప్లేట్లు పలుచని రేకుతో చేసినా అంచులు మడిచి, మధ్యలో గాడులు నొక్కి గట్టితనం తెస్తారు. చదునైన ముక్కను గ్యాస్‌తో కోసి నాలుగు రంధ్రాలు వేసిన ప్లేటుకు ఆ సౌకర్యం లేదు కనుక మందమే దిక్కు. పాత ప్లేటును విప్పాక దాని మీద ఒక స్కేలు నిలబెట్టి చూస్తే, అది ఎంత వంగిందో, ఇన్నాళ్ళు బోల్టులు ఏ స్థితిలో పనిచేశాయో తెలిసిపోతుంది.

రంధ్రాల విషయంలో కూడా ఇంతే జాగ్రత్త కావాలి. రెండు కాళ్ళ మధ్య దూరం ప్లేటులోని రంధ్రాల మధ్య దూరంతో సరిపోవాలి. కాళ్ళను సుత్తితో కొట్టి దూరం చేసో దగ్గర చేసో దూర్చవలసి వస్తే ఆ ప్లేటు ఆ బండిది కాదు. ఎందుకైనా మంచిదని రంధ్రాన్ని పెద్దది చేయడం ఇంకో పొరపాటు. 14 మి.మీ. రంధ్రం మీద 12 మి.మీ. నట్టు నేరుగా కూర్చుంటే వాటి మధ్య తాకే వైశాల్యం సుమారు 100 చదరపు మిల్లీమీటర్లే. నాలుగు టన్నులు ఆ కాస్త చోట పడితే మామూలు మైల్డ్ స్టీల్ నలిగిపోతుంది, నట్టు లోపలికి దిగుతుంది, బిగువు పోతుంది. మందమైన, గట్టిపరచిన చదును వాషర్ వేస్తే అదే భారం మూడు రెట్ల వైశాల్యం మీద పరుచుకుంటుంది. చీలిక ఉన్న స్ప్రింగ్ వాషర్ ఇక్కడ చేయగలిగిందేమీ లేదు. ఇంత బిగువులో అది మొదటే చదునైపోతుంది. నట్లు కూడా మామూలువాటికంటే ఎత్తైనవి వాడటం మేలు, ఎందుకంటే ఎక్కువ థ్రెడ్లు భారాన్ని పంచుకుంటాయి.

యూ-బోల్టులను ఒకసారి విప్పాక మళ్ళీ వాడకూడదన్న నియమాన్ని చాలామంది వ్యాపారుల మాటగా కొట్టిపారేస్తారు. హద్దు దగ్గర దాకా సాగి, ఏళ్ళ తరబడి తుప్పు పట్టి, రాళ్ళకు థ్రెడ్లు నలిగిన బోల్టు మీద టార్క్ రెంచి చూపే అంకెకు విలువ లేదు. నట్టు థ్రెడ్లతో పెనుగులాడటానికే సగం బలం ఖర్చవుతుంది, బిగువు సగమే వస్తుంది. కనుక ఇది వ్యాపారుల మాట కాదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కమాన్ కట్టల పని చేసే షాపుల్లో కొలత ఇస్తే లారీలకు చేసినట్టే జీపులకూ యూ-బోల్టులు వంచి ఇస్తారు, ఇది గొప్ప సౌకర్యం. అయితే అక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కడ్డీని చల్లగా వంచారా, ఎర్రగా కాల్చి వంచారా? గ్రేడు ఉన్న కడ్డీని కొలిమిలో కాలిస్తే దానికి ఫ్యాక్టరీలో వచ్చిన బలం వంపు దగ్గర పోతుంది. వంపు ఆకారం కూడా అది దేన్ని చుట్టుకుంటుందో దాన్ని బట్టి ఉండాలి. యాక్సిల్ గొట్టాన్ని చుట్టుకునేదైతే గొట్టం వ్యాసానికి సరిపోయే గుండ్రని వంపు, చదునైన కట్టను చుట్టుకునేదైతే చతురస్రపు వంపు ఉండాలి. గుండ్రని గొట్టం మీద చతురస్రపు బోల్టు వేస్తే అది ఒక్క గీత మీదే ఆనుతుంది, బండి నడుస్తున్న కొద్దీ అక్కడ సర్దుకుని వదులవుతుంది.

పొడవు విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. బిగించాక నట్టు దాటి రెండు మూడు థ్రెడ్లు కనిపిస్తే చాలు; అంతకు మించి వేలాడేదంతా రాళ్ళకు ఆహారం. అంతకంటే తెలివిగా మోసం చేసేది థ్రెడ్లు చాలని బోల్టు. నట్టు థ్రెడ్ల చివరికి వెళ్ళి అక్కడ ఇరుక్కుంటుంది, రెంచి టక్కుమంటుంది, చేతికి గట్టిగా తగులుతుంది, కట్ట మాత్రం వదులుగానే ఉంటుంది. మందమైన ప్లేటు వేసినప్పుడో, కట్టలోంచి ఒక పట్టీ తీసేసినప్పుడో ఈ లెక్క మారిపోతుంది కనుక పాత బోల్టును నమూనాగా ఇవ్వకుండా కొత్త అమరికను కొలిచి ఇవ్వాలి.

బోల్టులను తలకిందులు చేసే పద్ధతి హైలక్స్ తరహా బండ్లలో, అంటే కట్ట యాక్సిల్ పైన ఉన్నచోట, బాగా అర్థవంతమైనది. మామూలు అమరికలో యూ-బోల్టు కట్ట మీదుగా వచ్చి కిందికి దిగుతుంది, ప్లేటూ నట్లూ యాక్సిల్ కింద ఉంటాయి. తిప్పిన అమరికలో యూ ఆకారపు నున్నని వంపు యాక్సిల్ కిందుగా చుట్టుకుంటుంది, కాళ్ళు పైకి లేస్తాయి, కొత్త ప్లేటు కట్ట పైన కూర్చుంటుంది. కింద వేలాడేదేమీ ఉండదు, థ్రెడ్లకు రాళ్ళ బెడద ఉండదు, తరువాత బిగించాలంటే బండి కిందికి దూరకుండా పక్కనుంచే సాకెట్ వేయవచ్చు. ఈ లాభాలకు మూల్యం పైభాగంలో చెల్లించాలి. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు ఛాసిస్ కింది రబ్బరు బంప్ స్టాప్ వచ్చి తగిలేది ఇప్పుడు ఈ ప్లేటుకు. ప్లేటు మందం మేరకు చక్రం పైకి కదిలే దూరం తగ్గుతుంది. ప్లేటు మీద బంప్ స్టాప్ ఆనడానికి నట్ల కంటే ఎత్తైన చదును చోటు లేకపోతే, నాలుగు బోల్టు కొనలు రబ్బరును చీల్చడమో, ఛాసిస్‌ను పొడవడమో జరుగుతుంది. కొన్ని బండ్లలో షాక్ అబ్జార్బర్ కింది కొస కూడా పాత ప్లేటుకే తగిలించి ఉంటుంది, అది తీసేస్తే షాక్‌కు కొత్త ఆధారం వెల్డింగ్ చేయవలసిందే. కిట్టు కొనేముందు ఈ రెండూ చూడకపోతే మధ్యలో పని ఆగిపోతుంది.

జిప్సీలాగా కట్ట యాక్సిల్ కింద ఉన్న బండ్లలో తిప్పడం వల్ల కలిగే లాభం అంత పెద్దది కాదు, ఎలాగూ అన్నింటికంటే కింద ఉండేది కట్టే. అక్కడ ఉపయోగపడేది ముందు అంచూ వెనక అంచూ ఏటవాలుగా పైకి లేచి, నట్లను తన పక్కగోడల మధ్య దాచుకునే మందమైన ప్లేటు. రాయి దాని మీద జారిపోతుంది, నట్టుకు తగలదు. కట్టను యాక్సిల్ పైకి మార్చే పెద్ద మార్పు వేరే కథ. దాని వల్ల బండి చాలా లేస్తుంది, యాక్సిల్‌కు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణమూ స్టీరింగ్ కడ్డీల అమరికా మారిపోతాయి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ తన చుట్టూ తాను తిరగబోతూ కట్టను మెలిపెడుతుంది. అంతేకాక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చడాన్ని నియంత్రిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియంత్రణను గట్టిగా సమర్థించింది. ప్లేటు మార్చడాన్నీ, బండి ఎత్తు మార్చడాన్నీ ఒకే గాటన కట్టి చూడకూడదు.

బిగింపు పని ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. రెండు వైపులా ఒకేసారి విప్పితే యాక్సిల్ తిరిగిపోతుంది, మళ్ళీ వరసలోకి తేవడం మనిషి బలంతో అయ్యే పని కాదు. చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్ కింద విడిగా ఒక జాకీ ఉంచాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరడం ఎంత అనుభవమున్నవారికైనా తగదు. పాత నట్లకు ముందురోజే తుప్పు వదిలించే నూనె కొడితే కొన్నైనా విడతాయి. గ్రైండర్ వాడవలసి వస్తే బ్రేకు గొట్టాలూ, హ్యాండ్ బ్రేక్ కేబులూ, ఇంధనపు పైపూ ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి.

పాత ప్లేటు ఊడాక అసలైన పని మొదలవుతుంది, అదే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది: శుభ్రం చేయడం. స్ప్రింగ్ సీటు మీదా, కట్ట పైనా కిందా పేరుకున్న మట్టి, తుప్పు పొరలు, పాత రంగు గీకివేయాలి. కొత్త ప్లేటుకు మందంగా పౌడర్ కోటింగ్ ఉంటే వాషర్లు కూర్చునే చోటా, కట్ట ఆనే చోటా దాన్ని కూడా తీసేయాలి. సెంటర్ బోల్టు తల సీటు రంధ్రంలో పూర్తిగా దిగిందో లేదో కళ్ళతో చూడాలి. అది అంచు మీద ఎక్కి కూర్చున్నా నట్లు బిగుస్తాయి, బండి మాత్రం వంకరగా నడుస్తుంది. నాలుగు నట్లనూ చేతితో ఎక్కించి, నాలుగు కొనలూ సమానంగా బయటికి వచ్చేలా చూసి, ఆపైన ఎదురెదురు మూలల్లో ఒకదాని తరువాత ఒకటిగా, మొత్తం టార్కులో మూడో వంతు, మూడింట రెండు వంతులు, పూర్తి అన్న మూడు దశల్లో బిగించాలి. ఒక మూలను ముందే పూర్తిగా బిగిస్తే ప్లేటు ఆ వైపుకు వాలుతుంది, మిగిలిన మూడూ ఎంత బిగించినా ఆ వాలు పూర్తిగా సర్దుకోదు. చివరి దశను చక్రాలు నేల మీద ఆని బండి బరువు కట్ట మీద పడ్డాక చేయడం మంచిది, కట్ట తన అసలు ఆకారంలోకి అప్పుడే వస్తుంది. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే తుపాకీలాంటి పనిముట్టుతో నట్లను చేరవేయవచ్చు గానీ ఆఖరి బిగింపు టార్క్ రెంచితోనే జరగాలి.

ఇంత చేసినా మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో బిగువు కొంత తగ్గుతుంది. దీని కారణం కూడా అంకెల్లోనే కనిపిస్తుంది. 200 మి.మీ. పొడవున్న 12 మి.మీ. బోల్టు కాలు నాలుగు టన్నుల లాగుడుకు సాగేది 0.4 మి.మీ. మాత్రమే, బిగువంతా ఆ వెంట్రుకవాసి సాగుడులోనే నిల్వ ఉంది. ప్లేటుకూ కట్టకూ సీటుకూ మధ్య మిగిలిన రంగో, తుప్పు పొడో, పట్టీల మధ్య చిక్కిన ఇసుకో నలిగి 0.1 మి.మీ. తగ్గినా నాలుగో వంతు బిగువు పోయినట్టే. శుభ్రం చేయడానికి పట్టే అరగంట ఎందుకు దండగ కాదో ఇక్కడ తెలుస్తుంది. కనుక కొత్తగా వేసిన ప్లేటు నట్లను మొదటి ప్రయాణం తరువాత ఒకసారి, మరికొన్ని వందల కిలోమీటర్లకు ఇంకోసారి టార్క్ రెంచితో సరిచూడాలి. ఆ తరువాత కఠినమైన ప్రయాణం చేసిన ప్రతిసారీ చూడటం ఆఫ్ రోడ్ బండికి సహజమైన అలవాటు. ఆగిన నట్టును కదల్చడానికి మొదట కొంచెం ఎక్కువ బలం పడుతుంది కనుక, రెంచి వెంటనే టక్కుమన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉందని అనుకోరాదు. నట్టు కాస్త కదిలాక వచ్చిన టక్కును నమ్మాలి.

రెంచి చేతిలో లేనప్పుడు కళ్ళే కొంత చెబుతాయి. నట్టుకూ బోల్టుకూ ప్లేటుకూ కలిపి బిగించిన రోజునే ఒక రంగు గీత గీస్తే, నట్టు తిరిగిందేమో తరువాత ఒక చూపులో తెలుస్తుంది. నట్టు తిరగకుండానే బిగువు పోయిన సందర్భాన్ని మాత్రం ఆ గీత చూపలేదు. దానికి వేరే ఆనవాళ్ళున్నాయి. ప్లేటుకూ కట్టకూ మధ్య సందులోంచి ఎర్రని తుప్పు పొడి రాలుతుంటే అక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటోందని అర్థం. సీటు అంచు పక్కన పట్టీ మీద మెరిసే కొత్త గీత కనిపిస్తే యాక్సిల్ జరిగింది. గేరు ముందుకూ వెనక్కూ మార్చి క్లచ్ వదిలినప్పుడు వెనక నుంచి ఒక్క దెబ్బగా చప్పుడు వచ్చినా, తిన్నని రోడ్డు మీద బండి కాస్త పక్కకు వాలి నడుస్తున్నట్టు వెనక వచ్చేవారికి కనిపించినా, అలైన్‌మెంటు షాపుకు వెళ్ళేముందు ఈ నాలుగు నట్ల దగ్గరికి వెళ్ళడం మంచిది.